పటాలం పోయింది, మర్ఫా మిగిలింది

హైదరాబాద్ పాతబస్తీలో మర్ఫా దరువు మోగని పెళ్లి బరాత్‌కు కళ రాదు. మర్ఫా, ఢోల్, డఫ్, తాపీ అనే చెక్కపట్టీలు, ఒక స్టీలు బిందె ఉంటే చాలు, గల్లీ అంతా తీన్‌మార్ ఆడుతుంది. ఇది నవాబుల కాలపు ముచ్చటనీ, నిజాం పోషించాడు కాబట్టే నిలిచిందనీ చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. కొలువు దానికి నీడనిచ్చిన మాట నిజమే గానీ, ఆయుష్షు పోసింది వీధి.

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఆసఫ్‌జాహీల సైన్యంలో చేరారు. ఆ దరువు వాళ్ల వెంటే వచ్చింది. అరబ్బు సిపాయిల బస బార్కస్ అయింది. బ్యారక్స్ అన్న మాటే జనం నోళ్లలో నలిగి అలా మారింది. సిద్దీల అశ్వదళమైన ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ బస్తీకి పేరైంది. ఆ దళం మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యం రద్దయింది, జీతాలు ఆగిపోయాయి, అరబ్బుల్లో కొందరిని యెమెన్‌కు తిప్పి పంపారు. రాజపోషణే ప్రాణమైతే మర్ఫా అప్పుడే మూగబోవాలి. కానీ కత్తి దించిన చేతులు పుల్లలు పట్టాయి. సిపాయి బిడ్డలకు పెళ్లి ఊరేగింపులే బతుకుదెరువయ్యాయి.

ఇక్కడ లండన్ పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ గుర్తుకొస్తుంది. అదీ పెద్ద మోతే, కుర్రకారు ఎగిరే సంగీతమే. 1975లో పుట్టింది, 1977లో ఒక్క స్టూడియో ఆల్బమ్ తెచ్చింది, 1978 జనవరిలో విడిపోయింది. రికార్డు కంపెనీలు వద్దు పొమ్మన్నాయి, నలుగురికీ పొసగలేదు, బృందం చెదిరింది. మర్ఫా ఏ నలుగురి మీదా ఆధారపడలేదు. వాయించేవాడు మారినా దరువు సాగుతుంది, ఎందుకంటే ఊళ్లో పెళ్లిళ్లు ఆగవు.

తీన్‌మార్ తెలంగాణ డప్పు దరువే, దాన్ని మర్ఫాకు అంటగట్టడమేమిటని కొందరి అభ్యంతరం. డప్పు చరిత్ర డప్పుకుంది, అది మర్ఫా కంటే ఎంతో పాతది. అయితే మూడు దెబ్బలని అర్థమిచ్చే ఆ పేరు ఉర్దూది. బోనాల ఊరేగింపూ బరాతూ ఒకే రోడ్డున నడిచే నగరంలో దరువులు ఒకదాన్నొకటి వినకుండా ఎలా ఉంటాయి? ఆ మాట 2011లో సినిమా పేరైంది, ఆ తరువాత టీవీ వార్తలకూ ఎక్కింది. తెలుగు నోట అది పరాయి మాటగా వినిపించదు.

ఇంకో అభ్యంతరం గట్టిది. కీబోర్డులు చేరాయి, డీజే పెట్టెలు వచ్చాయి, పాత మర్ఫా ఎక్కడుందని అడుగుతారు. సైన్యంలోంచి పెళ్లిపందిట్లోకి వచ్చిన రోజే అది ఒకసారి మారింది కదా. మారడం దానికి కొత్త కాదు. డీజే సంగతి వేరు. అది మర్ఫాను మార్చదు, దాని కూలీనే లాక్కుంటుంది. వీధి ఇచ్చే డబ్బుతో డెబ్బై ఏళ్లకు పైగా బతికిన విద్యకు అసలు ముప్పు అదే. అందుకే ఒక మాట. మీ ఇంట పెళ్లి కుదిరితే డీజేకు ఫోన్ చేసే ముందు బార్కస్‌కో, ఏసీ గార్డ్స్‌కో వెళ్లి మర్ఫావాళ్లకు బయానా ఇచ్చి రండి.