మూర్ఛ, మెదడు, మా అక్క

మా అక్కకి ఫిట్స్ వచ్చినప్పుడల్లా ఇంట్లో ముందు వెతికేది తాళాల గుత్తి. ఒకరు పరుగెత్తుకొచ్చి ఆమె గుప్పిట్లో ఇనుము పెట్టేవాళ్ళు. ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టేవాళ్ళు. మా అమ్మ మాత్రం వెళ్ళి వీధి తలుపు వేసేది. ఆ మూడో పనే మా ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన వైద్యమని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. పెళ్ళి కావలసిన పిల్లకి మూర్ఛ ఉందని వీధికి తెలియకూడదు.

1981లో అక్కకి పెళ్ళి చేశారు, చెప్పకుండానే. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. గార్డినాల్ మాత్రల్ని అమ్మ పసుపు డబ్బాలో దాచి అత్తవారింటికి పంపింది. రెండేళ్ళకి ఒకరోజు పొయ్యి దగ్గర పడిపోయింది. ఆ వారంలోనే తెచ్చి మా ఇంట్లో దింపేశారు. తెనాలిలో ఒక ప్లీడరు గారు నాన్నకి చట్టం చదివి వినిపించారు. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ ప్రకారం, పదేపదే ఉన్మాదం గానీ మూర్ఛ గానీ వచ్చే మనిషితో జరిగిన పెళ్ళిని రద్దు చేయమని కోర్టుని అడగొచ్చు. పెద్దమనుషులు కోర్టు దాకా పోనివ్వకుండానే తేల్చేశారు. ఆ చట్టంలోంచి మూర్ఛ అన్న మాటని 1999లో తీసేశారు. అప్పటికి అక్క పుట్టింటికి వచ్చి పదహారేళ్ళయింది.

చట్టం ఆడా మగా తేడా లేకుండానే రాశారు. కానీ మా బంధువుల్లో ఫిట్స్ ఉన్న ఒక మగవాడికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆయన మాత్రలు భార్యే టైముకి అందించేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 2023లో అక్క ఒక కరపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాన్నా అమ్మా పోయాక ఆమె హైదరాబాదులో నాతోనే ఉంటోంది. 'మందులు లేకుండా మెదడుకి శిక్షణ' అని ఉంది ఆ కాగితం మీద. న్యూరోఫీడ్‌బ్యాక్ అట. ఒక్కో సిట్టింగుకి 2,000 రూపాయలు, మొత్తం 40 సిట్టింగులు. "ఒక్కసారి చూసొద్దామే" అంది. అరవై రెండేళ్ళ మనిషి తనకోసం తాను అడిగిన మొదటి వైద్యం అది. కాదనలేకపోయాను.

అక్కడ ఒక అమ్మాయి అక్క తలమీద జుట్టు పాయలు తీసి, జిగురు లాంటిది రాసి, తీగలు అతికించింది. ఎదురుగా తెరమీద ఒక పడవ. మెదడులో కావలసిన లయ పెరిగితే పడవ కదులుతుంది, తగ్గితే ఆగిపోతుంది. చెయ్యి కదపక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. "ఇది నేనే నడుపుతున్నానా?" అని అక్క అడిగింది. "మీ మెదడే నడుపుతోంది ఆంటీ" అంది ఆ అమ్మాయి. అక్క ముఖంలో అలాంటి వెలుగు నేను చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఆరోజే చూశాను.

తిరుగు దారిలో ఆటోలో అడిగింది, "ఈ తీగలు మొట్టమొదట ఎవరికి పెట్టారే?" నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. జవాబు తెలియలేదు. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను.

మనిషి మెదడులోని విద్యుత్తుని తల పైనుంచి నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా పట్టణంలో పనిచేసిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మొదటి గీతలు గీయించి, 1929లో ప్రచురించాడు. ఆయన్ని ఆ దారి పట్టించింది ఒక స్త్రీ భయం. 1890ల తొలినాళ్ళలో సైనిక శిక్షణలో ఆయన గుర్రం మీంచి పడి, ఫిరంగి బండి చక్రం కింద చావబోయి తప్పించుకున్నాడు. అదేరోజు దూరాన ఇంట్లో ఉన్న ఆయన సోదరి, తమ్ముడో అన్నో కాదు, ఆమె, అతనికేదో అయిందని పట్టుబట్టి తండ్రిచేత తంతి ఇప్పించింది. ఆలోచన ఒక మెదడు నుంచి మరో మెదడుకి ప్రయాణిస్తుందని ఆయన నమ్మాడు. ఆ శక్తి కోసం వెతుకుతూ ఈఈజీని కనిపెట్టాడు. వెతికిన శక్తి దొరకలేదు, యంత్రం మిగిలింది. సోదరి ఆ కథలో తంతి దగ్గరే ఆగిపోయింది.

మూర్ఛ దయ్యం కాదు, గాలి కాదు, మెదడులో విద్యుత్తు ఒక్కసారిగా కట్టు తప్పడమేనని కళ్ళకి చూపించిన యంత్రం అది. అదే దేశంలో 1933లో హిట్లర్ ప్రభుత్వం బలవంతపు సంతాన నిరోధక చట్టం తెచ్చింది. అందులోని తొమ్మిది జబ్బుల జాబితాలో వంశపారంపర్య మూర్ఛ ఒకటి. సుమారు 4 లక్షల మంది స్త్రీ పురుషులకి ఆపరేషన్లు చేశారు. ఎవరికి చెయ్యాలో తేల్చే న్యాయస్థానంలో బెర్గర్ కూడా కూర్చున్నాడని తర్వాతి పరిశోధకులు బయటపెట్టారు. ఈ భాగం అక్కకి చదివి వినిపించినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "మనవాళ్ళు నయమేలే, ఇంటికే పంపారు" అంది చివరికి.

1930ల మధ్యలో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ గిబ్స్, విలియం లెనాక్స్, వాళ్ళ సహచరులు కొన్ని రకాల మూర్ఛలో సెకనుకి మూడుసార్లు వచ్చే ప్రత్యేకమైన అలని గుర్తించారు. వాళ్ళతో పాటు పనిచేసింది ఎర్నా గిబ్స్, ఫ్రెడరిక్ భార్య. వేల గజాల కాగితం మీది గీతల్ని చదవడం ఆమె పని. 1941లో వచ్చిన ఈఈజీ అట్లాస్ మీద భర్త పేరు పక్కన ఆమె పేరు ఉంది. 1951లో లాస్కర్ పురస్కారం లెనాక్స్‌కీ, ఫ్రెడరిక్‌కీ ఇచ్చారు. ఎర్నాకి ఇవ్వలేదు. మనకి కొత్త విషయమేమీ కాదు.

మెదడు గీతల్ని చదవడం నుంచి వాటిని మార్చడానికి శిక్షణనివ్వడం దాకా రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. జో కమియా అనే మనస్తత్వవేత్త, తమ మెదడులో ఆల్ఫా లయ ఎప్పుడు వస్తోందో మనుషులు గుర్తుపట్టగలరనీ, కావాలని తెప్పించుకోగలరనీ చూపించాడు. 1960లలో లాస్ ఏంజిలిస్‌లో బారీ స్టెర్మన్ పిల్లులతో ప్రయోగాలు చేశాడు. సెకనుకి 12 నుంచి 15 సార్లు కొట్టుకునే ఒక లయ మెదడులో వచ్చినప్పుడల్లా వాటికి ఆహారం అందేలా ఏర్పాటు చేస్తే, పిల్లులు ఆ లయని పెంచుకోవడం నేర్చాయి. తర్వాత రాకెట్ ఇంధనంలోని ఒక విషపదార్థం వల్ల వచ్చే మూర్ఛని పరిశీలిస్తుంటే, ఈ శిక్షణ పొందిన పిల్లులు మిగతావాటికన్నా ఎక్కువసేపు తట్టుకున్నాయి. వెతకని చోట దొరికిన ఫలితం అది.

మనుషుల్లో ఆ శిక్షణ మొదట అందుకున్నది మూర్ఛ ఉన్న ఒక ఇరవై మూడేళ్ళ యువతి. 1972లో వచ్చిన వైద్య పత్రంలో ఆమె పేరు లేదు. వయసుంది, జబ్బుంది, మెదడు గీతలున్నాయి. ఆమెకి ఫిట్స్ బాగా తగ్గాయి. తర్వాత డ్రైవింగ్ లైసెన్సు కూడా తెచ్చుకుంది. అక్క అడిగిన ప్రశ్నకి నేను ఇచ్చిన జవాబు ఇదే. "నీలాంటి పిల్లే అక్కా. కారు నడిపిందట." అక్క నవ్వింది. "నన్ను రిక్షా కూడా ఒంటరిగా ఎక్కనివ్వలేదే."

కథ ఇక్కడ ఆపేస్తే ఆ కరపత్రానికీ నా వ్యాసానికీ తేడా ఉండదు. 2009లో మూర్ఛ మీద జరిగిన పది అధ్యయనాల్ని కలిపి చూస్తే, మొత్తం రోగులు 87 మందే. వాళ్ళలో 74 శాతం మందికి ఫిట్స్ తగ్గాయి. ఆశ కలిగించే మాటే, కానీ అవి చిన్న అధ్యయనాలు. నిజమైన శిక్షణనీ ఉత్తుత్తి శిక్షణనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది. ఏకాగ్రత కుదరని పిల్లల విషయంలో అమెరికాలో అలాంటి పరీక్ష ఒకటి పెద్ద ఎత్తున జరిగి, 2021లో ఫలితాలు వచ్చాయి. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 140 మందికి పైగా పాల్గొన్నారు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, దాదాపు సమానంగా. అంటే శ్రద్ధగా కూర్చోబెట్టి, మెచ్చుకుని, వారం వారం పలకరించడం కూడా మందే. ఆ మందుకి తీగలు అక్కర్లేదు. మన దేశంలో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తలకి దెబ్బ తగిలినవారి మీద న్యూరోఫీడ్‌బ్యాక్ పరిశోధనలు జరిగాయి. అక్కడది పరిశోధన. మా వీధి చివర అది సరుకు.

ఆరో సిట్టింగు నాడు ఆ కేంద్రంలో ఒకాయన, "ఇక మాత్రలు మెల్లగా మానెయ్యొచ్చు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మూర్ఛ మందులు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. సరైన మందులు అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటికొచ్చి అక్క మీద అరిచాను, వాళ్ళ మీద అరవాల్సింది. అంతా విని అక్క అంది: "మాత్రలు మానతానని నేనెక్కడన్నానే? నాకూ తెలుసు. నలభై ఏళ్ళుగా ఎంతమంది డాక్టర్లు నా తలకి తీగలు పెట్టలేదు? కాగితం నాన్న చేతికిచ్చేవాళ్ళు, తర్వాత నీ చేతికి. నా మెదడు నాకు చూపించింది వీళ్ళే."

నేను చదివినదంతా ఆ ఒక్క మాట ముందు చిన్నబోయింది. నేను కూడా ఆ కాగితం అందుకున్నదాన్నే. ఒక్కసారైనా ఆమె చేతికివ్వలేదు.

పది సిట్టింగుల తర్వాత అక్క తనే మానేసింది, పడవ విసుగొచ్చిందని. ఆ తర్వాత ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. లోపలికి వెళ్ళే ముందు అక్క సంచిలోంచి పాత గోడ క్యాలెండర్లు తీసింది. ఫిట్ వచ్చిన ప్రతి రోజునా ఎర్ర పెన్సిలు చుక్క. పక్కన నిద్ర పట్టని రాత్రులకి గీత, నెలసరి రోజులకి సున్నా. 1983 నుంచీ దాచింది. ఒకే ఇంట్లో ఉండి నేనవి ఎప్పుడూ చూడలేదు. ఆ డాక్టరమ్మ క్యాలెండర్లని బల్లమీద పరచుకుని, నెలలు లెక్కపెడుతూ అక్కని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చున్నాను.