పది రోజుల సర్వీసు: ‘లేడీ బీ గుడ్’ బాంబరు, తొమ్మిదిమంది సిబ్బంది

యుద్ధ విమానాల చరిత్ర రాసేవాళ్ల చూపు సాధారణంగా ఎక్కువ దాడులు చేసినవాటి మీదే పడుతుంది. నూరు దాడులు దాటిన లాంకాస్టర్‌కు మ్యూజియంలో చోటు దొరికింది. ఇరవై ఐదు దాడులు పూర్తిచేసిన ‘మెంఫిస్ బెల్’ మీద సినిమాలే వచ్చాయి. అమెరికా సైనిక వైమానిక దళానికి చెందిన బి-24డి లిబరేటర్, సీరియల్ నంబరు 41-24301, ఆ కోవలోది కాదు. 1943 మార్చి 25న లిబియాలోని సొలూక్ స్థావరానికి వచ్చింది. ఏప్రిల్ 4న నేపుల్స్ మీద దాడికి వెళ్లింది, తిరిగి రాలేదు. సర్వీసు పట్టుమని పది రోజులు. ముక్కు పక్కన ‘లేడీ బీ గుడ్’ అని పేరు రాయించుకునే తీరిక మాత్రం దొరికింది.

అయినా ఈ విమానం గురించి రాసినంతగా వందల దాడులు చేసినవాటి గురించి కూడా రాయలేదు. రాసిందాంట్లో చాలా భాగం దెయ్యపు విమానం కథలే. ఆ కథల్ని పక్కనబెట్టి రెండు విషయాలు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకటి, ఆ రాత్రి రేడియోలో అందిన ఒక్క అంకె. రెండు, ఎడారిలో దిగాక సిబ్బంది చేసిన నిర్ణయం. ఈ రెండింటినీ అనుభవం లేని కుర్రాళ్ల పొరపాటుగా తేల్చేయడం ఆనవాయితీ అయింది. ఆ తీర్పు సరికాదని నా అభిప్రాయం.

సిబ్బంది, దాడి

విమానం 376వ బాంబ్ గ్రూపుది, 514వ స్క్వాడ్రన్‌ది. పైలట్ విలియం హాటన్, కోపైలట్ రాబర్ట్ టోనర్, నావిగేటర్ డి.పి. హేస్, బొంబార్డియర్ జాన్ వొరావ్కా. ఇంజినీర్ హెరాల్డ్ రిప్‌స్లింగర్, రేడియో ఆపరేటర్ రాబర్ట్ లామాట్. గన్నర్లు గై షెల్లీ, వర్నన్ మూర్, శామ్యూల్ ఆడమ్స్. అందరూ మార్చి నెలలోనే లిబియా చేరారు. అందరూ కలిసి శత్రువు మీదికి వెళ్లడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం 25 లిబరేటర్లు రెండు విడతలుగా నేపుల్స్ రేవు మీదికి బయల్దేరాయని అధికారిక లెక్క. టోనర్ తన డైరీలో 28 అని రాసుకున్నాడు. లేచేటప్పుడే ఇసుక గాలి. ఇసుక దూరి ఇంజన్లు మొరాయించడంతో రెండో విడతలో చాలా విమానాలు మధ్యలోనే వెనుదిరిగాయి. చివరగా లేచినవాటిలో ఒకటైన ‘లేడీ బీ గుడ్’ నేపుల్స్ దగ్గరికి వెళ్లేసరికి చీకటి పడింది, గురి కనబడలేదు. బాంబుల్ని మధ్యధరా సముద్రంలో వదిలేసి ఒంటరిగా వెనక్కి మళ్లింది. దాడిగా చూస్తే చెప్పుకోదగ్గది అంతకంటే ఏమీ లేదు.

330 డిగ్రీలు

అర్ధరాత్రి దాటి 12 నిమిషాలకు హాటన్ గొంతు రేడియోలో వినబడింది. దిక్కు చూపే యంత్రం పనిచెయ్యడం లేదు, బేరింగ్ చెప్పండి అని అడిగాడు. నేల మీది బెనీనా రేడియో స్టేషన్ 330 డిగ్రీలని చెప్పింది. అంటే విమానం స్టేషన్‌కు వాయవ్యంగా, సముద్రం మీద ఉందని అర్థం. రావలసిన దారి కూడా అదే. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. ఆనాటి స్టేషన్లలో ఉండే చుట్టు యాంటెన్నాను తిప్పుతూ పోతే, రేడియో శబ్దం సన్నగిల్లే చోట గీత దొరుకుతుంది. ఆ గీత మీద విమానం ఉందని తెలుస్తుంది గానీ, ముందుందో వెనకుందో ఆ చుట్టు ఒక్కటే చెప్పలేదు. 330 డిగ్రీల గీతే అటు తిప్పితే 150 డిగ్రీల గీత. తేడా తేల్చడానికి ఇంకో యాంటెన్నా తోడు కావాలి, లేదా వినే మనిషికి విమానం ఏ దిక్కు నుంచి వస్తోందో ముందే తెలిసుండాలి. తెలుసనే అనుకున్నారు. నేపుల్స్ నుంచి వచ్చేది సముద్రం మీదుగా కాక ఇంకెలా వస్తుంది?

విమానం అప్పటికే తీరం దాటి ఎడారి మీదికి వచ్చేసిందనీ, స్టేషన్ వెనక నుంచి వచ్చిన సంకేతాన్ని ముందు నుంచి వచ్చినట్టు చదివారనీ చాలామంది రచయితలు తేల్చారు. లెక్క వేసి చూద్దాం. సిబ్బంది పారాషూట్లతో దూకింది రెండు గంటలకు. అంటే ఆ సంభాషణ తర్వాత 108 నిమిషాలకు. శిథిలం దొరికింది సొలూక్‌కు దాదాపు 700 కిలోమీటర్ల దక్షిణాన. సిబ్బంది దూకాక విమానం మరో 25 కిలోమీటర్లు తనంతట తాను వెళ్లింది. లిబరేటర్ మామూలు వేగం గంటకు 345 కిలోమీటర్లనుకుంటే 108 నిమిషాల్లో దాదాపు 620 కిలోమీటర్లు. ఆ లెక్కన 12 నిమిషాల వేళకు విమానం స్థావరం దాటి 50 కిలోమీటర్లకు అటూ ఇటూగా లోపలికి వచ్చి ఉంటుంది. కానీ వెనక గాలి తోడై వేగం 400కు చేరి ఉంటే అదే లెక్క తారుమారవుతుంది: విమానం ఇంకా సముద్రం మీదే, తీరానికి దగ్గర్లో ఉన్నట్టు.

ఆ వంద కిలోమీటర్ల తేడాలోనే ఈ కేసంతా ఉంది. గీతను తలకిందులుగా చదివారని ఘంటాపథంగా చెప్పేవాళ్లు గాలిని లెక్కలోకి తీసుకోవడం లేదు. అయితే రెండు లెక్కల్లో ఏది నిజమైనా ఒక మాట నిలుస్తుంది. ఆ క్షణంలో విమానం ఇంటి గుమ్మం దగ్గరే ఉంది. కొద్ది నిమిషాల తర్వాత ఇంకోసారి బేరింగ్ తీసుకుని ఉంటే అంకె మారేది, లేదా మారకుండా సంకేతం నీరసించేది. ఎటు చూసినా విషయం బయటపడేది. ఒక్క గీత దూరం చెప్పదన్న సంగతి నేల మీద ఉన్నవాళ్లకూ తెలుసు. కింద నుంచి వెలుగు తూటాలు పేల్చారు, పైన వాళ్లకు కనబడలేదు. రాత్రిపూట చదునుగా పరుచుకున్న ఎడారి, మేఘాల సందున, సముద్రంలాగే ఉంటుంది. ఇంధనం ఆఖరయ్యేదాకా అలాగే పోయారు. తప్పు ఉంటే అది పైనున్న తొమ్మిదిమందిలో ఒక్కరిది కాదు, ఒక్క అంకె మీద ఆధారపడ్డ పద్ధతిది.

మూత నీళ్లు

ఎనిమిది మంది నేల చేరి, తుపాకీ మోతలతో, వెలుగు తూటాలతో ఒకరినొకరు వెతుక్కుని కలిశారు. వొరావ్కా మాత్రం రాలేదు. అతని పారాషూట్ పూర్తిగా విచ్చుకోలేదని, అక్కడికక్కడే పోయాడని పదిహేడేళ్ల తర్వాతగాని తేలలేదు. వాళ్ల దగ్గర కొద్దిపాటి తిండి, అర క్యాంటీన్ నీళ్లు. అమెరికన్ క్యాంటీన్‌లో లీటరుకు కొంచెం తక్కువ పడుతుంది. అందులో సగాన్ని ఎనిమిదిమందికి పంచితే మనిషికి దాదాపు 60 మిల్లీలీటర్లు. కాకా హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసు కూడా నిండదు. రోజుకు ఒక మూతెడు చొప్పున పంచుకున్నారని టోనర్ డైరీలో ఉంది. పొడిపొడి మాటలు, రోజుకు రెండు మూడు పంక్తులు. పగలు ఎండ, రాత్రి నిద్ర పట్టని చలి, కళ్లు మంటలు, అందరూ నీరసం, ప్రార్థనలు. జాన్ ఇంకా కనబడలేదన్న మాట మొదట్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఎవర్నీ నిందించిన మాట ఒక్కటి లేదు.

ఉత్తర వాయవ్యంగా నడిచారు. సముద్రం దగ్గర్లోనే ఉందని నమ్మకం. వెనకాల, దూకిన చోటికి పాతిక కిలోమీటర్ల దూరంలో, విమానం పొట్ట మీద జారి, నడుము విరిగినా దాదాపు చెక్కుచెదరకుండా ఆగి ఉంది. అందులో నీళ్లున్నాయి, తిండి ఉంది, పనిచేసే రేడియో ఉంది. వెనక్కి వెళ్లుంటే బతికేవారన్న వాక్యం దాదాపు ప్రతి వ్యాసంలో కనబడుతుంది. తీరిగ్గా కుర్చీలో కూర్చుని అనగలిగిన మాట అది. ఇంధనం అయిపోయి, పైలట్ లేని బాంబరు చీకట్లో నేలను తాకితే ముక్కలైపోతుందనే ఎవరైనా అనుకుంటారు. పైగా అది ఏ దిక్కున పడిందో వాళ్లకు తెలియదు. తీరం దగ్గర్లోనే ఉందని నమ్మినవాళ్లు దక్షిణానికి ఎందుకు తిరుగుతారు? వాళ్లకున్న సమాచారం మేరకు ఆ నిర్ణయం సరైనదే. సమాచారమే తప్పు.

దారి పొడుగునా గుర్తులు వదిలారు. ఫ్లయింగ్ బూట్లను మొనలు ఉత్తరానికి ఉండేలా పేర్చారు. పారాషూట్ గుడ్డల్ని బాణం ఆకారంలో పరిచి రాళ్లు పెట్టారు. వెనక వచ్చే జాన్ కోసమో, వెతికేవాళ్ల కోసమో.

ఏప్రిల్ 9న, శుక్రవారం, షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ సాయం తెస్తామని ముందుకు కదిలారు. మిగతా ఐదుగురికి లేచే శక్తి లేదు. రిప్‌స్లింగర్ తన డైరీలో ఆదివారం, 11 దాకా రాశాడు. టోనర్ ఆఖరి పంక్తి సోమవారం, 12న.

దొరికినవి

చమురు కోసం వెతుకుతున్న బ్రిటిష్ బృందాలు 1958లో ఆకాశం నుంచి శిథిలాన్ని చూశాయి. 1959 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త గోర్డన్ బవర్‌మన్ బృందం దగ్గరికి వెళ్లింది. మెషిన్ గన్ పేలింది, రేడియో పలికింది. లోపల మనుషులు లేరు, పారాషూట్లు లేవు. ఆ ఏడాది అమెరికన్ సైన్యం నెలల తరబడి వెతికింది. బూట్లూ బాణాలూ దొరికాయి గాని మనుషులు దొరకలేదు. ఇసుక తిన్నెల కింద పడి ఉంటారని తేల్చి వెళ్లిపోయారు. నీళ్లు లేకుండా మనిషి ఎంత దూరం పోగలడన్న వాళ్ల అంచనాను ఈ ఎనిమిదిమంది దాటిపోయారు. 1960 ఫిబ్రవరిలో ఐదుగురు ఒకే చోట దొరికారు, దాదాపు 130 కిలోమీటర్లు నడిచాక. అదే ఏడాది మే నెలలో షెల్లీ, రిప్‌స్లింగర్ అక్కడికి ఇంకా 30 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, తిన్నెల మధ్య కనిపించారు. ఆగస్టులో వొరావ్కా.

ఈ విమానం విడిభాగాలు అమర్చిన వేరే విమానాలకు ప్రమాదాలు జరిగాయన్న ప్రచారం అప్పట్నుంచే మొదలైంది. వాడిన భాగాలన్నిటి జాబితా ఏదీ ముందు పెట్టకుండా, ప్రమాదం జరిగినవాటిని మాత్రమే ఏరి చెప్పే లెక్క ఇది. పరిశోధనలో దీనికి చోటు లేదు.

శిథిలాన్ని 1994లో ఎడారి నుంచి తీసి తొబ్రుక్ దగ్గరి సైనిక స్థావరానికి తరలించారు. ఒక ప్రొపెల్లర్ లామాట్ సొంత ఊరు, మిచిగన్‌లోని లేక్ లిండెన్‌లో ఉంది. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది అవశేషాలు దొరికాయి. వర్నన్ మూర్ దొరకలేదు.