ఎలుక చర్మం కింద పంపు

మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు నేను బాల్కనీలోకెళ్ళి సిగరెట్టు కాల్చేవాణ్ణి. పొగ గదిలోకి రాకపోతే నా బాధ్యత తీరినట్టే అనుకునేవాణ్ణి. ఆ లెక్క ఎంత తప్పో ఈమధ్య పాత పరిశోధనల చరిత్ర చదువుతుంటే అనుమానమొచ్చింది.

1957లో కాలిఫోర్నియాలో సింప్సన్ అధ్యయనం ఒకటొచ్చింది. ఏడు వేల పైచిలుకు కాన్పుల లెక్కలు తీస్తే, సిగరెట్లు తాగే తల్లులకి నెలలు నిండని కాన్పులు దాదాపు రెట్టింపని తేలింది. సరే, దోషి ఎవరు? పొగలో వేల రసాయనాలున్నాయి. తల్లి తిండి, డబ్బు ఇబ్బందులు, జన్యువులు అన్నీ కలగలిసే ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే, ఒకేసారి పది ఫైళ్ళు మార్చేసి బగ్ ఎక్కడుందో వెతకడమన్నమాట.

అందుకే ఎలుకలు. కడుపుతో ఉన్న ఎలుకకి నికొటిన్ ఇంజెక్షన్ ఇస్తే రక్తనాళాలు బిగుసుకుని లోపలి పిల్లలకి ఆక్సిజన్ తగ్గేది. మళ్ళీ రెండు కారణాలు! 1980లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో థియోడర్ స్లాట్కిన్ బృందం తల్లి ఎలుక చర్మం కింద చిన్న పంపు అమర్చి, నికొటిన్‌ని నెమ్మదిగా ఎక్కించింది. ఆక్సిజన్ గొడవ తప్పింది. అయినా, బరువు తగ్గని పిల్లల మెదళ్ళలో కూడా తేడాలు కనిపించాయి. ఎదిగే మెదడులో కణాలకి "ఇక విభజన చాలు, పనిలోకి దిగండి" అని కబురు పంపే వాటిలో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. అది నొక్కాల్సిన మీటని నికొటిన్ వేళకాని వేళ నొక్కేస్తుంది.

తర్వాత ప్రదీప్ భిడే బృందం చుంచెలుకలకి తాగే నీళ్ళలో నికొటిన్ కలిపింది. పుట్టిన పిల్లలు కుదురుగా ఉండలేదు (2012). ఆ గుణం తల్లి వైపు నుంచి తర్వాతి తరాలకీ పాకింది (2014). 2018లో మగవాటికి మాత్రమే నికొటిన్ ఇచ్చి, దాని ఊసే తెలియని ఆడవాటితో జతకట్టించారు. పిల్లల్లో మళ్ళీ అదే తీరు: అతి చురుకు, నిలవని ధ్యాస.

ఎలుక మనిషి కాదు, ఒప్పుకుంటాను. 2009లో బ్రిటన్‌లో అనితా థాపర్ బృందం, దాత అండంతో పుట్టిన పిల్లల్ని కూడా పరిశీలించింది. తల్లి పొగతాగితే వాళ్ళకీ బరువు తగ్గింది గానీ, అతి చురుకుతో సంబంధం మాత్రం సొంత అండంతో పుట్టినవాళ్ళలో కనిపించినంతగా కనిపించలేదు. అంటే మనుషుల్లో ప్రవర్తన మీద తీర్పు ఇంకా పెండింగే.

కానీ ఇన్నేళ్ళూ మనం నిలదీసింది తల్లినే. ఆ మగ ఎలుకలకి నికొటిన్ పట్టింది కడుపు పండకముందు. నేను బాల్కనీ తలుపు వేసుకోవడం మొదలెట్టింది ఆ తర్వాత.

టీ బ్రేకులో లైటరు వెతుక్కునే కాబోయే నాన్నలూ, మీరేమంటారు?