ఆలేరు సీమలో బడి బయటి చదువు

నిజాం పాలనలో ఆలేరు చుట్టుపక్కల తెలుగు యువకులు లోకజ్ఞానం ఎక్కువగా బడి బయటే సంపాదించుకున్నారు. పైచదువుల భాష ఉర్దూ. ప్రైవేటు బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలి. ఆ కట్టడిలో మిగిలిన దారి గ్రంథాలయం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలిశాయి. ఈ రెండు కేంద్రాలను కలిపే రైలు దారిలోనే ఆలేరు ఉంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ’ మొదలైంది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ మహాసభ ఉద్యమంలో ఎదిగినవారే ఆలేరు పక్కనున్న కొలనుపాక దంపతులు ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి. 1952లో కమలాదేవి ఆలేరు నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు.

స్వాతంత్ర్యం తర్వాత యువజన కార్యక్రమాలు సర్కారు చేతికి వచ్చాయి. 1972లో నెహ్రూ యువక కేంద్రాలు ఏర్పడ్డాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా దేశంలోని 2,400 పల్లెలకు టీవీ చేరింది. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. అయితే అక్కడ చూడటమే తప్ప ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు.

యంత్రవిద్యను సొంతంగా పట్టుకున్న ఉదాహరణ ఆలేరు మండలంలోనే ఉంది. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం హైస్కూలు చదువు పూర్తికాకుండానే మగ్గం పనిలోకి వచ్చారు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడం ఇంట్లో తల్లి లక్ష్మి పని. అర్ధచంద్రాకారపు చట్రానికున్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. భుజాలు పట్టేసేవి. ఆ శ్రమ తప్పించాలని మల్లేశం 1992లో మొదలుపెట్టిన యంత్రం డబ్బు చాలక మధ్యలో ఆగింది. హైదరాబాదులో కరెంటు పనులు చేస్తూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను గమనించి, 1999లో తన యంత్రాన్ని పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. తర్వాతి రూపాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. అట్టడుగు ఆవిష్కర్తలను వెతికే ‘పల్లె సృజన’ సంస్థ ఇలాంటివారికి అండగా నిలిచింది.

కంప్యూటరు కాలంలో ఈ సీమకు రెండు రకాల సాయం అందింది. భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ పల్లె నిరుద్యోగులను అక్కడే ఉంచి వృత్తి శిక్షణ ఇస్తోంది. ఇది మనిషి ఎదుట నిలబడి నేర్పే పద్ధతి. రెండోది దూరం నుంచి వచ్చేది. 2017లో మొదలైన టీ-శాట్ ‘నిపుణ’, ‘విద్య’ ఛానళ్లతో పోటీ పరీక్షల పాఠాలు టీవీకీ ఫోనుకీ వచ్చాయి. అదే ఏడాది కేంద్రం ఆమోదించిన గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతా పథకం, ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల కుటుంబాలకు ఇరవై గంటల శిక్షణను లక్ష్యంగా పెట్టుకుంది.

ఇరవై గంటల్లో ఫోను వాడకం, డబ్బు పంపడం వస్తాయి. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము రాయడం రాదు. మండల కేంద్రాల గ్రంథాలయాలకు కంప్యూటర్లతోపాటు నేర్పే మనిషిని కూడా ఇస్తే తప్ప ఆ లోటు తీరదు.