కడకంటి చరిత్ర

వీఆర్ హెడ్‌సెట్ కొనేవాళ్ళు ముందుగా చూసే అంకెల్లో రెండు ముఖ్యం. తెర సెకనుకి ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందనేది ఒకటి, అది రిఫ్రెష్ రేటు. కంటికి ఎన్ని డిగ్రీల మేర దృశ్యం అందుతుందనేది రెండోది, అది ఫీల్డ్ ఆఫ్ వ్యూ. పట్టికలో ఇవి వేర్వేరు గళ్ళలో ఉంటాయి, ఒకదానితో ఒకటికి పనిలేనట్టు. కానీ పైమాక్స్ కంపెనీ తయారుచేసిన వెడల్పాటి హెడ్‌సెట్లు కొన్నింటిని పై వేగంలో నడపాలంటే చూపు వెడల్పు తగ్గించుకోక తప్పదు. కేబులూ గ్రాఫిక్స్ కార్డూ సెకనుకి మోయగలిగే పిక్సెళ్ళకి ఒక హద్దుంది. వెడల్పూ వేగమూ రెండూ ఆ హద్దులోనే పంచుకోవాలి.

ఈ బేరం వీఆర్‌తో మొదలవలేదు. సినిమా హాళ్ళలో డెబ్భై ఏళ్ళ కిందటే జరిగింది.

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే సగం సంగతి తెలిసిపోతుంది. దూరపు గుట్టలు నింపాదిగా కదులుతాయి. పట్టాల పక్క స్తంభాలు, కందిచేల గట్లు చూపు కొసల్లోంచి దూసుకుపోతాయి. మనం వేగంగా పోతున్నామని చెప్పేవి ముఖ్యంగా ఆ కొసలే. ఈ వాడి-సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి సినిమా చూపించింది 1895లో. కదిలే దృశ్యం సినిమా కంటే 21 ఏళ్ళు ముందే తాండూరు చేరిందన్నమాట! 1905 ప్రాంతంలో అమెరికాలో ‘హేల్స్ టూర్స్’ అని నడిచేవి. రైలుపెట్టెలాంటి గదిలో జనాన్ని కూర్చోబెట్టి, ఆ గదిని ఊపుతూ, రైలు మీంచి తీసిన ఫిల్ము వేసేవాళ్ళు. వీఆర్‌కి ముత్తాత అదే అనుకోవచ్చు.

కడకన్ను అక్షరాలు చదవలేదు గానీ మినుకుని ఇట్టే పట్టేస్తుంది. పాత సీఆర్‌టీ మానిటర్ని సూటిగా చూస్తే నిలకడగా ఉండేది, ఓరగా చూస్తే అదిరేది. మినుకుమనే వైశాల్యం పెరిగితే ఆ మినుకుని దాచడానికి ఇంకా ఎక్కువ వేగం కావాలని 1930లో గ్రానిట్, హార్పర్ చూపించారు. వెలుగు పెరిగినా అంతే.

టాకీలతో సెకనుకి 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. 24 సార్లు వెలిగి ఆరితే కన్ను భరించలేదు కాబట్టి షట్టరు ఒక్కో ఫ్రేముని రెండేసిసార్లు చూపించేది, మొత్తం 48. ఆనాటి తెరకి అది చాలింది. 1952లో మూడు ప్రొజెక్టర్లతో, 146 డిగ్రీల వంపు తెరతో సినెరామా వచ్చినప్పుడు 24 కాస్తా 26 అయింది. 1955లో 70 ఎం.ఎం. టాడ్-ఏఓ పద్ధతిలో తీసిన ‘ఓక్లహోమా!’కి 30 పెట్టారు. పెద్ద తెర మీద మినుకు తగ్గించడం అందులో ఒక ఉద్దేశం.

అయితే ‘ఓక్లహోమా!’ని రెండుసార్లు తీయాల్సి వచ్చింది. మామూలు హాళ్ళ ప్రొజెక్టర్లు 24కి కట్టుబడినవి. వాటికోసం సినిమాస్కోప్‌లో 24 ఫ్రేములతో మళ్ళీ తీశారు. 1958లో ‘సౌత్ పసిఫిక్’ వచ్చేసరికి టాడ్-ఏఓ కూడా 24కే దిగింది. వెడల్పు నిలిచింది, వేగం పోయింది. తెలుగు సినిమాకి అందిన వారసత్వం ఇదే. తొలి తెలుగు సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974), తొలి తెలుగు 70 ఎం.ఎం. ‘సింహాసనం’ (1986) తెరని పక్కలకి లాగాయి గానీ గడియారం మార్చలేదు.

దీన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. అందరికీ ఒకటే గడియారం ఉండబట్టే మహానగరంలో ఆడిన 35 ఎం.ఎం. రీళ్ళు పెట్టెలో రైలెక్కి చిన్న ఊరి హాల్లోనూ ఆడగలిగాయి.

వీఆర్‌లో ఈ రాజీ తలకిందులైంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకి తగిలించిన తెర చూపింది 40 డిగ్రీలే. 2013 నాటి ఆకులస్ తొలి డెవలపర్ కిట్ 60 హెర్ట్జ్‌తో వచ్చింది, 2016 నాటి రిఫ్ట్ 90తో. సినిమా హాల్లో మనం తల తిప్పితే తెర తిరగదు. హెడ్‌సెట్‌లో దృశ్యం తలతోపాటే తిరగాలి, ఆలస్యమైతే కడుపులో తిప్పుతుంది. అందుకే ఇక్కడ ముందు కోతపడేది వేగానికి కాదు, వెడల్పుకి. హాలు కాపాడిన అంచుల్ని హెడ్‌సెట్ వదులుకుంటోంది.

రెండూ కావాలంటే ఖరీదైన కంప్యూటరు ఉండాలి. 2017లో బాహుబలి లోకాన్ని వీఆర్‌లోనూ చూపించారు, కానీ ఒక హెడ్‌సెట్‌లో ఒకరే చూడగలరు. హాల్లో నేల టికెట్టుకైనా బాల్కనీకైనా అవే 24 ఫ్రేములు. వీఆర్‌లో కంటి కొస వరకూ చూడగలగడం జేబుని బట్టి ఉంది. అందరికీ ఒకటే అయిన ఆ 24 లాంటి అంకె వీఆర్‌కి ఇంకా పుట్టలేదు.