నారాయణగూడ చుట్టూ దానధర్మాల చరిత్ర

హైదరాబాద్‌లో నారాయణగూడ చౌరస్తా నుంచి ఎటు నడిచినా ఎవరో ఒకరి విరాళంతో లేచిన బడి తగులుతుంది. జస్టిస్ కేశవరావు కొరాట్కర్ స్మృతిలో ఆర్యసమాజీయులు 1940లో పెట్టిన కేశవ్ మెమోరియల్ పాఠశాల ఇక్కడే ఉంది. 1928 నాటి మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల, 1954లో మొదలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల కూడా ఇక్కడివే. ఇచ్చినవాళ్ల పేర్లు గోడల మీద ఉన్నాయి. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది మాత్రం వెతుక్కోవాలి.

నిజాం కాలంలో చదువంటే ఉర్దూ. తెలుగులో చెప్పినందుకు మాడపాటి వారి బడికి సర్కారు గుర్తింపు దొరకలేదు. పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. పల్లెల నుంచి వచ్చే పిల్లల వసతి కోసం 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. తర్వాత మరికొన్ని కులాలూ తమ పేరిట హాస్టళ్లు కట్టుకున్నాయి. బోర్డు మీద కులం పేరు ఉందని వాటిని తీసిపారేయలేం. పట్నంలో ఎవరూ తెలియని కుర్రాడికి పడక, పూట భోజనం దొరకడమంటే చదువు దొరకడమే. కానీ దానం చేయగల కామందులు లేని కులాల పిల్లల సంగతేమిటి?

ఆ పని నెత్తిన వేసుకున్నవాడు భాగ్యరెడ్డి వర్మ. 1888లో ఈ నగరంలోనే మాల కుటుంబంలో పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించాడు. 1910లో ఇసామియా బజారులోనూ, చిక్కడపల్లికి కూతవేటు దూరంలోని లింగంపల్లిలోనూ దళిత పిల్లలకు తెలుగు బడులు తెరిచాడు. ఆ బడులు పెరిగి ఇరవై దాటాయి. ఆయనకు అండగా నిలిచినవారిలో రాయ్ బాలముకుంద్, కొరాట్కర్ వంటి పై కులాల న్యాయమూర్తులున్నారు. ‘వర్మ’ బిరుదు ఇచ్చింది ఆర్యసమాజమే. అయినా ఆయన ఎవరి నీడలోనూ ఒదిగి ఉండలేదు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడిగా వెళ్లి, దళితులకు పెట్టిన ‘పంచమ’ అన్న పేరే చెల్లదన్నాడు; మేం ఈ నేలకు మూలవాసులం, ఆది ఆంధ్రులం అని నిలబడ్డాడు. సభ జరిగిన రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి తలుపులు మూశారు. దళితులు దర్శనానికి వస్తారేమోనన్న భయం అది. ఒక మతం పేరిట బడికి చందాలిస్తున్న కాలంలోనే అదే మతం పేరిట గుడికి తాళం పడింది. ఈ రెండూ కలిపి చదవకపోతే ఆ చరిత్ర సగమే తెలిసినట్టు.

క్రైస్తవ మిషనరీల దానం మీద అంతకుముందే రచ్చ నడిచింది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగలకు కూలి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని, సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. కరవు తగ్గాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అన్నం కోసం మారారా, అవమానం తప్పించుకోవడానికి మారారా అన్న వాదం అప్పటి నుంచీ ఉంది. నా మటుకు రెండో కారణమే బలమైనది. ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజానికి వాళ్ల ఆకలి గురించి అడిగే హక్కు ఎంత?

ఇక గుడికి చేరే దానం సంగతి. స్వాతంత్ర్యం తర్వాత దేవాలయ ధనం మీద ఆంధ్రప్రదేశ్‌లో కొత్త చట్టాలు వచ్చాయి: 1966లో ఒకటి, చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత 1987లో మరొకటి. వంశపారంపర్య అర్చకత్వపు హక్కు రద్దును సుప్రీంకోర్టు 1996లో సమర్థించింది. గుళ్ల మీద మాత్రమే సర్కారు పెత్తనమేమిటన్న ప్రశ్న నేటికీ రేగుతూనే ఉంది. 2015లో ఆలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివారికి చోటు లేదని ఆంధ్రప్రదేశ్ జీవో తెస్తే, అలా తప్పించడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పటి మాటకొస్తే, 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం ఉంది. డబ్బు ప్రధానంగా జీహెచ్ఎంసీది, వంట హరేకృష్ణ మూవ్‌మెంట్ వారిది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు చంకలో పుస్తకంతో లైనులో నిలబడి అన్నం, సాంబారు, కూర, పచ్చడి తీసుకుని నిలుచునే తింటారు. కులం అడగరు, మతం అడగరు. ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆ వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఇదే సంప్రదాయపు అక్షయపాత్ర బడి భోజనం మీద 2019 ప్రాంతంలో కర్ణాటకలో పెద్ద చర్చ జరిగింది. పోషకాలు సరిపోతాయని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పినా, ఆహార హక్కుల కార్యకర్తలు ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయముందని నేననుకుంటాను. సంస్థ తన సొంత డబ్బుతో పెట్టేది తన ఆచారం ప్రకారమే వండుకోవచ్చు. జనం పన్నుతో పెట్టే పళ్లెంలో ఏముండాలో మాత్రం కార్పొరేషన్ టెండరులోనే రాయాలి. తినేవాళ్లను అడిగి రాయాలి.