డబ్బాల కంటే ముందు రైలుకట్ట

జీపీఎస్ సాయంతో, ఎవరో దాచిన డబ్బాలను (కాష్‌లను) వెతికే ఆట జియోకాషింగ్. దాని చరిత్ర ఎక్కడ చదివినా ఒకే నెలతో మొదలవుతుంది. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే జీపీఎస్‌లో కావాలని కలిపిన లోపాన్ని తీసేసింది. వంద మీటర్ల దాకా ఉండే తేడా పది, ఇరవై మీటర్లకు తగ్గింది. మే 3న డేవ్ అల్మర్ ఆరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ 75 కాష్‌లతో వెబ్‌సైటు తెరిచాడు. ఇంకాస్త వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్లలో జేమ్స్ పెరట్ ఉంచిన సీసాను తలుచుకుంటారు.

ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ కథ ఆట ఎప్పుడు పుట్టిందో చెబుతుంది గానీ, డబ్బాలు దాచే చోట్లు ఎలా ఏర్పడ్డాయో చెప్పదు. కొలరాడో కొండల్లో పట్టాలు పీకేసిన నేరోగేజి దారుల వెంట ఈ వెలితి బాగా తెలుస్తుంది. అక్కడ కాష్‌ల చరిత్ర రాయాలంటే ఉపగ్రహాన్ని కాదు, భూమి దస్తావేజును ముందు చూడాలి.

రైలు కథ క్లుప్తంగా చెబుతాను. 1872లో మాజీ గవర్నరు జాన్ ఎవాన్స్ ప్రోద్బలంతో డెన్వర్, సౌత్ పార్క్ అండ్ పసిఫిక్ రైల్వే మొదలైంది. పట్టాల మధ్య ఎడం మూడడుగులు. 11,523 అడుగుల ఎత్తున ఆల్పైన్ సొరంగం తవ్వి 1882లో బండ్లు నడిపారు. దాని పొడవు 1,772 అడుగులు. 1884లో వుడ్‌స్టాక్ దగ్గర మంచుచరియ 13 మందిని పొట్టన పెట్టుకుంది. వెండి ధర పడింది, గనులు మూతపడ్డాయి. 1910 తర్వాత సొరంగంలో బండి నడవలేదు. 1937లో బోరియాస్ కనుమ మీది లైను కూడా పోయింది. మన నౌపడా–గుణుపురం నేరోగేజి బ్రాడ్‌గేజిగా మారి బతికింది. ఇక్కడ మార్చడానికి మోసే సరుకే మిగల్లేదు.

పట్టాలు పోయాక కట్ట ఎవరిది? నా వాదనంతా ఈ ప్రశ్న చుట్టూనే. 1875 నాటి చట్టం ప్రభుత్వ భూముల మీదుగా వెళ్లే రైలు కంపెనీలకు పట్టాకు అటూ ఇటూ నూరేసి అడుగుల దారిహక్కు ఇచ్చింది. కంపెనీ వెళ్లిపోయాక అది సర్కారుకు తిరిగి వస్తుందా, అడుగున భూమి ఉన్నవాడిదవుతుందా అన్నది ఒక శతాబ్దానికి పైగా నలిగింది. 2014లో బ్రాంట్ ట్రస్టు కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తేల్చింది: అది వాడుకునే హక్కు మాత్రమే, లైను వదిలేస్తే హక్కు రద్దయి భూమి యజమానికే చెందుతుంది. ఆ కేసులోని వయోమింగ్ లైను నేరోగేజి కాదు, నిజమే. కానీ సూత్రం మాత్రం ఈ కొండలకూ వర్తిస్తుంది. కట్ట కింద నేల జాతీయ అడవిదైతే జనం నడవచ్చు. పశువుల ఆసామిదైతే కంచె పడుతుంది. సౌత్ పార్క్ మైదానంలో పాత కట్ట కంటికి కనబడుతుంది గానీ చాలాచోట్ల కాలు పెట్టడానికి లేదు. పైన, బోరియాస్ దగ్గర, అదే కట్ట 1950లలో మోటారు బాటయింది.

వదిలేసిన లైన్లను బాటలుగా కాపాడే 1983 నాటి చట్ట సవరణకే ఘనత ఇచ్చేవాళ్లున్నారు. ఆ సవరణ వచ్చేనాటికి ఈ నేరోగేజి దారులు పోయి నలభై ఏళ్లు దాటింది. వాటిని కాపాడింది ఆ చట్టం కాదు, అడవి శాఖ భూమి.

ఇంకో సంగతి. రైలు ఇంజనీరు కొండను నూటికి సుమారు నాలుగు పాళ్ల వాలుకు లొంగదీశాడు. కోత, మట్టిగట్టు, తూము, నీళ్ల ట్యాంకు, అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. మామూలు అడవిలో జీపీఎస్‌కు ఇరవై మీటర్ల తేడా అంటే చుట్టూ వెతకాలి. కట్ట మీద ముందుకో వెనక్కో వెతికితే చాలు. ఈ గీతను జీపీఎస్ రాకముందే పాదాలతో పట్టుకున్నవాళ్లున్నారు. 1938లో ఏర్పడ్డ రాకీ మౌంటెన్ రైల్‌రోడ్ క్లబ్బు వాళ్లు, 1949లో ఆ రైల్వే చరిత్రను లావుపాటి పుస్తకంగా వేసిన ఎం.సి. పూర్ లాంటివాళ్లు. దాచిన పెట్టె లేదన్న మాటే గానీ, వాళ్లు చేసిందీ వెతుకులాటే. అలాగని ఉపగ్రహాన్ని కొట్టిపారేయను. ఆ ఊరూ పేరూ తెలియనివాణ్ని నేరుగా తూము దగ్గర నిలబెట్టింది అదే. క్లబ్బు సభ్యుడికి అక్కర్లేని సాయం అది.

ఇప్పుడున్న స్థితి నాకంత నచ్చదు. ఒక కాష్‌కూ మరోదానికీ 161 మీటర్ల ఎడం ఉండాలన్నది నియమం. రద్దీ తగ్గించడానికి పెట్టిన ఈ నియమాన్ని కొందరు కొలబద్ద చేసుకున్నారు. పొడవాటి బాట దొరికితే చాలు, 161 మీటర్లకొక ఫిల్ము డబ్బా. నెవాడాలో హైవే పక్కన వెయ్యికి పైగా ఇలాగే పరిచారు. ఎడారి రోడ్డుకు పోయేదేమీ లేదు. రైలుకట్టకు పోతుంది. ఆల్పైన్ సొరంగానికి చేరే దారిలో పాలిసేడ్స్ దగ్గరి గోడ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చింది. ఆ ప్రాంతం 1996 నుంచి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. అలాంటి గోడల్లో డబ్బా ఉందేమోనని రాళ్లు కదిపే చేతులు మంచుచరియ చేయగల పనినే నెమ్మదిగా చేస్తాయి. చారిత్రక స్థలాల్లో జాగ్రత్త అని మార్గదర్శకాలు చెబుతున్నా, వెతికేవాడి చేతుల్ని పట్టుకునేవాళ్లు కొండ మీద ఉండరు.

ఇలాంటి చోటికి సరిపోయేది డబ్బా లేని వర్చువల్ కాష్: వెళ్లి, చూసి, అడిగినదానికి జవాబు పంపడం. తూము కమాను మీద రాళ్లెన్నో చెప్పమంటే మనిషి తూమును చూస్తాడు. కానీ కొత్త వర్చువళ్లను 2005లోనే ఆపేశారు. 2017లో మళ్లీ మొదలుపెట్టినా వెబ్‌సైటు నడిపే కంపెనీ ఎంచినవాళ్లకే, లెక్కపెట్టి ఇస్తోంది. 2004లో వచ్చిన ఎర్త్‌కాష్‌లో పెట్టె ఉండదు గానీ, అది భూగర్భశాస్త్ర పాఠమే చెప్పాలి. కొండ రాయి గురించి అడగొచ్చు, ఆ రాయితో గోడ కట్టినవాళ్ల గురించి అడిగితే చెల్లదు.